శుక్రవారం చెప్పిన కబుర్లు

రియాద్ నుంచి,
గురువారం సాయంత్రం.

మేరాజ్‌కు మస్తాన్ వలీ సలాములు.

పైవాడి దయవల్ల నా ఒంట్లో బాగానే ఉంది. అక్కడ నువ్వూ, హఫ్సా, ఇంకా భూమ్మీద పడని ఆ మూడో మనిషీ చల్లగా ఉన్నారని తలుస్తూ రాస్తున్నాను. రోజూ ఫోన్లో చూసుకుంటూనే ఉన్నాం కదా, మళ్లీ ఉత్తరమెందుకంటావేమో. ముందు రాసింది నువ్వే. పైగా రాయచోటిలో మన ఫోను మోగిందంటే వీధిలో సగం మంది తెర ముందుకు వచ్చి కూర్చుంటారు. వాళ్లందరి మంచిచెడ్డలూ అడిగేసరికి నాకు డ్యూటీ టైమైపోతుంది. నీది కొంగు తప్ప ఏమీ కనపడదు.

ఇష్తియాక్ సెలవు నుంచి తిరిగొచ్చి పదిహేను రోజులైంది. అతనితో నువ్వు పంపిన చెనిక్కాయల పొడి, చింతకాయ తొక్కు, రాగిపిండి అన్నీ అందాయి. ఉత్తరాన్ని కారం పొట్లం కింద పెట్టి పంపావు, చదువుతున్నంతసేపూ తుమ్ములే. దానికి జవాబు ఇన్నాళ్లు ఎందుకు రాయలేదంటే, రాయలేకపోయాను. రేపు మా కంపెనీ అబ్దుల్ ఘనీ కడపకు పోతున్నాడు. ఇది అతని చేతికిస్తున్నాను. ఒక్కదానివే ఉన్నప్పుడు చదువు. హఫ్సాకు నెలలు నిండాయి, ఆమె ముందర వద్దు.

కంపెనీ వాళ్లు నన్ను మదీనాలోని హోటల్‌కు మారుస్తున్నారని తెలిసిన రోజు విన్నవాళ్లంతా కౌగిలించుకున్నారు. ఎంత అదృష్టమన్నా నీది, ప్రవక్త ఊర్లో ఉండబోతున్నావన్నారు. నీకు ఫోన్ చేసి చెప్పాను. ‘మరి తబ్రేజో?’ అన్నావు. అంతే. తొమ్మిది రోజులు బతికి, ఇరవై రెండేళ్లుగా ఈ ఊరి మట్టిలో పడుకున్న మన మొదటి బిడ్డను ఒక్కణ్ణే వదిలిపెట్టి, మనం సామాన్లు సర్దుకుని ఎట్లా పోతామని నీ బాధ. ఉత్తరం చివర అదే రాశావు. వాడి గోరీ మీది పిడికెడు మట్టి గుడ్డలో మూట కట్టి మదీనాకు తెమ్మన్నావు. ఆ సంగతి నేనూ చివరనే రాస్తాను మేరాజూ. ముందు సామాన్ల సంగతి చెప్పనివ్వు.

నీ పట్టీ మూడు పేజీలుంది. అది చదివితే రియాద్‌ను మొత్తం మూట కట్టమన్నట్టుంది. గాజు గ్లాసులు ఒక్కొక్కటీ పేపరులో చుట్టి, బియ్యం డ్రమ్ములో బియ్యం మధ్య పెట్టమన్నావు. పెట్టాను. పన్నెండుకు పదకొండే ఉన్నాయి, పన్నెండోది నా చేతిలోనే పోయింది, తిట్టుకో. కుట్టుమిషను తల వేరు, కాళ్లు వేరు చేశాను. దాని బోల్టులు నీ బొట్టుపెట్టెలో, అదే నీ పిన్నుల డబ్బాలో వేశాను, మర్చిపోకు. హఫ్సా స్కూలు పుస్తకాలు పడేయొద్దన్నావు, పడేయలేదు. వాషింగ్ మెషీను లోపల దుప్పట్లు కుక్కాను. ఫ్రిజ్ నిలబెట్టే తీసుకుపోతారు, పడుకోబెట్టరు, ఆ మాట డైనా లారీ డ్రైవరుతో నాలుగుసార్లు చెప్పించుకున్నాను. బండి శనివారం ఫజర్ నమాజు తర్వాత వస్తుంది.

రోలు దగ్గర మాత్రం నాగేందర్ ఎదురు తిరిగాడు. రోజూ డ్యూటీ దిగాక వచ్చి సాయం చేస్తున్నాడు పాపం. 

“గీ రాయి గూడ ఎక్కియ్యాల్నా అన్నా? మదీనాల మిక్సీలు దొర్కయా?” అన్నాడు.

“మీ వదిన పట్టీలో రాసింది నాయనా. రోలు లేకుండా పోతే నన్ను గడప లోపలికి రానీదు.”

“ఆమె లేదు గదా ఈడ. ఎవలు జూస్తరు?”

నేను నవ్వాను. ఎవరూ చూడని చోట ఏం చేయొచ్చో నాకు తెలిసినంత వాడికి తెలియదు.

కరివేపాకు కుండీ ఏం చేశావని అడిగావు. కింది పోర్షను షబానాకు ఇచ్చాను. నీళ్లు ఎక్కువ పోయొద్దని నీ మాటగా చెప్పాను. ‘భాభీ లేకుండా ఈ బిల్డింగు బోసిపోయింది భాయ్’ అని కళ్లనీళ్లు పెట్టుకుంది. తింటున్నావా అని అడిగావు. పొయ్యి విప్పేసిన రోజు నుంచి బతా బజారులో మెస్సుకు పోతున్నాను. చారు నీళ్లలా ఉంటుంది, కడుపు నిండుతుంది. షుగరు మాత్రలు మర్చిపోవడం లేదు, ఒట్టు.

మదీనా ఇల్లు ఎట్లుందని నాలుగు చోట్ల అడిగావు. పోయినవారం ఒకరోజు పోయి చూసి తాళాలు తీసుకున్నాను. రెండో అంతస్తు. లిఫ్టు లేదు, నీ మోకాళ్లకు కొంచెం కష్టమే. రెండు గదులు, ఒక హాలు. వంటింటికి కిటికీ ఉంది. ఇన్నేళ్లూ ఈ ఇంట్లో గోడకు మొహం పెట్టి వండావు, అక్కడ రోడ్డు చూస్తూ వండుకోవచ్చు. కింద మలయాళీల బకాలా కొట్టు, పాలూ పెరుగూ మెట్లు దిగితే చాలు. డాబా ఎక్కితే దూరంగా హరం మసీదు మినార్లు కనపడతాయి. అక్కడ నిలబడి నీ గురించే అనుకున్నాను. ఇంత మంచి ఇల్లు నీకు చూపించే మొహం నాకుందా అనుకున్నాను.

ఇంక నీ ఇనప పెట్టె. దాన్ని తెరవొద్దు, తాళం తాళంలాగే బండెక్కించమన్నావు. నేను తెరవలేదు మేరాజూ. ఇరవై ఐదేళ్ల పెట్టె, అడుగున తుప్పు పట్టిపోయి ఉంది. పోయిన గురువారం నేనొక పక్కా నాగేందరొక పక్కా ఎత్తామో లేదో అడుగు ఊడి అన్నీ కింద పడ్డాయి. నీ పెళ్లి చీర, మీ అమ్మ తస్బీ పూసల దండ, పాస్‌పోర్టు ఫోటోలు. వాటితో పాటు హఫ్సా పాత స్కూలు నోటుబుక్కులు మూడు. చదువు పుస్తకాలు వేరే కట్టలో పెట్టాను కదా, వీటినీ అందులో వేద్దామని విప్పాను. అందులో ఉన్నది హఫ్సా రాత కాదు, నీది.

నాగేందర్‌ను పంపించేశాను. నేల మీద కూర్చుని మూడూ చదివాను.

ప్రతి శుక్రవారం నేను మక్బరాలో వాడి గోరీ చూసి ఇంటికొచ్చి చెప్పిన కబుర్లన్నీ నువ్వు రాసిపెట్టుకున్నావని నాకు కలలో కూడా తెలియదు. ‘శుక్రవారం. గాలిదుమ్ము. రాయి మీద ఇసుక చేరితే చేత్తో తుడిచినాడంట.’ ‘శుక్రవారం. వాన పడి నేల తడిగా ఉందంట. బిడ్డకు చల్లగా ఉంటుంది.’ ‘శుక్రవారం. పక్కన ఇంకో బిడ్డ వచ్చినాడంట. మనోడికి తోడు దొరికినాడు.’ ‘శుక్రవారం. హఫ్సాకు ఫస్టు మార్కులు. అన్నకు చెప్పి రమ్మన్నాను. చెప్పినాడంట.’ ఒకచోట ‘ఈ వారం ఈయనకు జ్వరం, పోలేదు. బిడ్డ ఎదురు చూసింటాడు’ అని రాసి, అక్షరాల మీద నీళ్లు పడి అలుక్కుపోయి ఉంది.

ఈ నోటుబుక్కులు చదివాక కూడా నీ దగ్గర దాచానంటే నేను మనిషినే కాదు. అందుకే రాస్తున్నాను. నాకు వాడి గోరీ ఎక్కడుందో తెలియదు మేరాజూ. ఇరవై రెండేళ్లుగా తెలియదు.

ఎట్లా అని అడుగుతావు. చెప్తాను. మన ఊర్లో అయితే గోరీ కట్టి, సున్నం కొట్టి, పేరు రాసి, పచ్చగుడ్డ కప్పుతాం. ఇక్కడ అవేమీ ఉండవని నీకు తెలుసు. తలవైపు ఒక ఉత్త రాయి, అన్నిటికీ ఒకే రకం రాయి. పేరు రాయనివ్వరు. మూడో శుక్రవారం నేనేం చేశానంటే, మన వంటింటి గోడ నుంచి ఊడిన తెల్ల టైలు ముక్క ఒకటి జేబులో పెట్టుకుపోయాను. దాని మీద నల్లరంగుతో ‘త’ అని ఒక్క అక్షరం రాసి రాయి పక్కన పాతాను. తెలుగులో ఒక్క అక్షరం రాస్తే వీళ్లకేం అర్థమవుతుందిలే, ఏదో గీత అనుకుంటారులే అనుకున్నాను. అదీ నా తెలివి. ఆ టైలు ఉంది కదా అని గోడ నుంచి ఎన్నో వరుసో, వరుసలో ఎన్నోదో లెక్కపెట్టుకోలేదు.

తర్వాత వారమే దమ్మాం పని మీద పంపారు, గుర్తుందా? నలభై రోజులు అక్కడే ఉన్నాను. వచ్చి నేరుగా మక్బరాకు పోతే టైలు లేదు. అక్షరం ఏ భాషదైతేనేం, గుర్తు గుర్తే కదా, ఎవరో తీసేశారు. నేను పోయేటప్పుడు వాడిది చివరి గుంత. నేనొచ్చేసరికి దాని తర్వాత మూడు నాలుగు వరుసలు లేచాయి. అన్నీ చిన్న గుంతలే, అన్నీ పిల్లలే. ఎండలో అసర్ నమాజు దాకా తిరిగాను. ఇదే అనిపించేది, పక్కదాన్ని చూస్తే అదే అనిపించేది.

ఇంటికొచ్చాను. నువ్వు ఇంకా తగ్గని కాన్పు ఆపరేషను నొప్పితో గోడ పట్టుకుని నడుస్తూ తలుపు దగ్గరికి వచ్చావు. “చూసొచ్చినావా? ఎట్లుండాడు?” అని అడిగావు. హాస్టల్లో ఉన్న పిల్లాడి గురించి అడిగినట్టు అడిగావు. “బాగుండాడు” అన్నాను. ఆ ఒక్క మాటతో మొదలైంది.

మొదట్లో మూడేళ్లు ప్రతి శుక్రవారం పోయేవాణ్ణి, అది నిజం. వరుసలన్నీ తిరిగేవాణ్ణి. ఏదో ఒక రోజు దొరుకుతుంది, అప్పుడు చెప్పిందంతా నిజమైపోతుందని ఆశ. వరుసలు పెరుగుతూనే పోయాయి. హఫ్సా పుట్టిన ఏడాది నుంచి పోవడం మానేశాను. పోయి దొరకని బిడ్డను వెతుక్కోవడం నా వల్ల కాలేదు. మరి శుక్రవారాలు ఎక్కడికి పోయేవాడివంటే, బతాలో ఒక చాయ్ హోటలుకు. వెనక మూల బల్ల దగ్గర రెండు గంటలు కూర్చుని, నీకు ఈ వారం ఏం చెప్పాలా అని ఆలోచించేవాణ్ణి. నువ్వు గేటు దగ్గర పిల్లలకు పంచమని డబ్బాలో పోసిచ్చే సేమియా ఆ హోటలు పనివాళ్లకు పెట్టేవాణ్ణి. వాళ్లు చేతులెత్తి దువా చేసేవాళ్లు. ఆ ఒక్కటీ అబద్ధం కాదు.

నువ్వు నమ్మినకొద్దీ నేను చెప్పినకొద్దీ అబద్ధం పెరిగింది. నిన్ను ఓదార్చడానికి చెప్తున్నానని నాకు నేను సర్దిచెప్పుకున్నాను. అది పూర్తి నిజం కాదు. శుక్రవారం సాయంత్రం నువ్వు చాప వేసి నా ఎదురుగా కూర్చుని, మొహం ఇంత చేసుకుని వినేదానివి. ఆ గంటసేపు మన ఇంట్లో వాడు ఉన్నట్టుండేది. అది నాకూ కావాల్సి వచ్చింది.

ఊరికి పోయే ముందురోజు నువ్వు పట్టుబట్టి ట్యాక్సీలో తీసుకుపొమ్మన్నావు. ఆడవాళ్లను లోపలికి పోనివ్వరు కాబట్టి గోడ దగ్గర దింపాను. సరిగ్గా ఎక్కడ అని అడిగావు. నేను ఒకచోట చూపించి, దీని వెనకే అన్నాను. నువ్వు గోడకు అరచేయి ఆనించి నిలబడ్డావు, తర్వాత చెంప ఆనించావు. మండుటెండలో ఆ గోడ కాలిపోతూ ఉంది. ట్యాక్సీవాడు హారన్ కొడుతున్నా నువ్వు కదల్లేదు. నేను నోరు విప్పలేదు. నా పాపాలన్నిటిలో అదే పెద్దది.

ఇంకొకటి కూడా ఉంది, అదీ రాసేస్తాను. నీ ఉత్తరం అందిన నాలుగో రోజు మన బిల్డింగు వెనక కట్టుబడి జరుగుతున్న చోట పిడికెడు మట్టి తీశాను. నీ పాత దుపట్టా అంచు చింపి మూట కట్టాను. రియాద్ మట్టి ఎక్కడైనా రియాద్ మట్టే, నీకేం తెలుస్తుంది అనుకున్నాను. నువ్వు దాన్ని గుండెలకు హత్తుకుంటావని తెలిసే కట్టాను. నోటుబుక్కులు చదివాక లేచి దాన్ని తీసుకుపోయి ఎక్కడిదక్కడే పోసి వచ్చాను.

మర్నాడు శుక్రవారం. జుమా నమాజు కాగానే మక్బరాకు పోయాను. పందొమ్మిదేళ్ల తర్వాత లోపలికి పోవడం. కాపలాకు ఒక పాకిస్తానీ ఉన్నాడు, నా ఈడువాడే. నేను పిల్లల వరుసల్లో అటూ ఇటూ తిరగడం చూసి దగ్గరికి వచ్చాడు.

“కిస్‌కో ఢూంఢ్ రహే హో, భాయ్?” ఎవర్ని వెతుకుతున్నావని అడిగాడు.

“బేటే కో” అన్నాను.

ఏ సంవత్సరమని అడిగాడు. చెప్పాను. అతను చాలాసేపు ఆలోచించి, గోడ మూల నుంచి దూరంగా ఉన్న ఒక దీపస్తంభం దాకా చేయి సాచి చూపించాడు. ఆ ఏడాది పిల్లలంతా ఆ మధ్యలోనే ఉంటారన్నాడు. “సబ్ బచ్చే హైఁ. సబ్ కో సలామ్ కర్ లో.” అందరూ పసిపిల్లలే, అందరికీ సలాం చెప్పుకోమన్నాడు. చెప్పాను. ఒక్కొక్క రాయి దగ్గర ఆగి చెప్పాను. మోకాళ్లు పట్టేశాయి, అయినా ఎవర్నీ వదల్లేదు. ఒక రాయి దగ్గర మనవాడికి నా సలాం అంది ఉంటుంది. ఏ రాయో నీకు చెప్పలేను.

మట్టి తేలేదు మేరాజూ. ఇంకో తల్లి బిడ్డ మట్టి నీ చేతిలో పెట్టలేను.

ఇప్పుడేం చేస్తావో నీ ఇష్టం. హఫ్సా కాన్పై నలభై రోజులు గడిచాక వస్తానన్నావు. వస్తావో, అక్కడే ఉండిపోతావో, నేను అడగను. శనివారం సామానంతా మదీనా ఇంటికి చేరుతుంది. మంచమూ పొయ్యీ తప్ప ఏదీ విప్పను. ఏది ఎక్కడ పెట్టాలో చెప్పేది నువ్వు. నువ్వు రాకపోతే అట్టపెట్టెల మధ్యే పడుంటాను. నోటుబుక్కులు మాత్రం సామాన్లలో వేయలేదు, నా చేతిసంచిలో పెట్టుకున్నాను. కాల్చమంటే కాలుస్తాను, పంపమంటే పంపుతాను. అందులో రాసిందంతా నా కల్పనే కానీ రాసిన చేయి వాడి తల్లిది. నా అంతట నేను తాకను.

కోపమొస్తే ఫోన్లో తిట్టు. వీధి వీధంతా వింటున్నా సరే తిట్టు. మాట్లాడకుండా మాత్రం ఉండొద్దు.

ఇన్ని చెప్పానా, ఒకటి మాత్రం నేనెప్పుడూ చెప్పలేదు. చెప్తే తట్టుకోలేవని దాచాను. ఇంక దాచను. ఇది ఒక్కటే నా కళ్లతో చూసింది.

ఆసుపత్రిలో నువ్వు వాణ్ణి అద్దంలోంచే చూశావు. తలకు ఉన్ని టోపీ, మొహం నిండా గొట్టాలు. గాజు పెట్టెలో ఉన్నాడని ఏడో రోజు తల వెంట్రుకలు కూడా తీయించలేదు. వాడు పోయిన రోజు నీకు ఒళ్లు తెలియని జ్వరం. మక్బరా పక్క గదిలో వాడికి స్నానం చేయించింది నేనే. ఒక సూడాన్ ముసలాయన చెంబుతో నీళ్లు అందించాడు. నేను బిడ్డను ఎత్తుకుంటే నా మోచేతుల కింద తన చేతులు పెట్టి పట్టుకున్నాడు. గొట్టాలు తీసేశారు, టోపీ నేను తీశాను. కళ్లు మూసుకుని, పాలు తాగి నిద్రపోయిన పిల్లాడిలా ఉన్నాడు. మొహాన ఎక్కడా నొప్పి లేదు, ఇది మాత్రం నమ్ము. వాడికి తలనిండా జుట్టు మేరాజూ. నల్లగా, ఒత్తుగా, నెత్తికి అంటుకుపోయి ఉండింది. నేను గోరువెచ్చని నీళ్లు పోసి చేత్తో నిమిరితే ఒక్కొక్కటే లేచి ఉంగరాలు తిరిగింది. అచ్చం నీ జుట్టే.

ఇట్లు,
తబ్రేజ్‌కూ హఫ్సాకూ నాయన,
మస్తాన్ వలీ